దావీదు మామ ఉమ్మేసిన గుక్క

డెబ్బై దాటాయి కదా, ఇంక నన్ను అదరగొట్టే సంగతి ఈ భూమ్మీద ఏదీ మిగల్లేదని నా ధీమా. తుపానులు చూశాను, తోడబుట్టినవాళ్లను సాగనంపాను, కట్టుకున్నవాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాను. అలాంటిదాన్ని, మొన్న మా పల్లెలో ఒక ఖాళీ సీసా చేతిలో పట్టుకుని చర్చి మెట్ల మీద నిలువునా కూలబడిపోయాను. నాకు గుండె నొప్పేమోనని నా కూతురు శాంతి మంచినీళ్ల కోసం పరుగెత్తింది. గుండె నొప్పి కాదమ్మా తల్లీ, అంతకంటే పెద్ద దెబ్బే అని నేను చెప్పేలోపే మెట్లు దిగిపోయింది.

జువ్వలదిన్నెకు ఇవతల, ఉప్పు మడుల పక్కన ఉంటుంది మా పల్లె. నేను నెల్లూరు చేరి ముప్పాతిక జీవితం గడిచిపోయింది. పాత చర్చి పడగొట్టి కొత్తది కడుతున్నారనీ, గోడ బీరువాలో మా అవ్వ చెక్కపెట్టె బయటపడిందనీ అక్కడి కొత్త పాస్టరు అయ్యగారు ఫోన్ చేస్తే, శాంతి కారులో వెళ్లాం. పెట్టె మూత తీయగానే అవ్వ వాసనే వచ్చింది, ఒట్టు. కర్పూరం, ఎండుద్రాక్ష, పాత నూలుగుడ్డ. ప్రభు భోజనానికి వాడే చిన్న చిన్న గాజు గ్లాసులు, బొటనవేలి కొన అంతేసి, చెక్క పళ్లెం తొర్రల్లో ఇంకా కుదురుగా కూర్చుని ఉన్నాయి. వాటి కింద పసుపుపచ్చగా మారిన వడగట్టే గుడ్డ. ఆ గుడ్డలో చుట్టి ఒక సీసా. నల్లటి ఆకుపచ్చ గాజు, నిగనిగలాడే భుజాలు, అడుగున లోపలికి నొక్కినట్టు గుంట. మీద అంటించిన కాగితాన్ని పురుగు సగం తినేసినా బొమ్మా, కింద ఒక వరస అక్షరాలూ మిగిలాయి. రెండు బురుజుల ఇల్లు, ఇంటి ముందు వరసలు వరసలుగా తోట, పైన ద్రాక్షగుత్తి. ఆ ఇంటిని చూడగానే నేను చిన్నపిల్లనై ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ సీసా మా ఇంటికొచ్చిన రోజున నేనూ, ఎదురింటి సుగుణా ఆ బొమ్మ ఇంట్లో ఎంత కాపురం చేశామని! ఎడమ బురుజు దానిది, కుడి బురుజు నాది. కిటికీల కోసం జుట్లు కూడా పట్టుకున్నాం.

శాంతి తన ఫోను ఆ కాగితం మీద పెట్టి, అక్షరాలు చదివించి, కనుబొమలు ఎగరేసింది. "అమ్మా, ఇది వైను" అంది. నోర్ముయ్యి, అది మా అవ్వ ప్రభు భోజనానికి వాడిన సీసా, వైనెట్టా అవుతుంది అని కసిరాను. "వైనే అమ్మా. ఫ్రాన్సుది. మామూలుది కూడా కాదు, చాలా పాతది" అంది. నేను ఆ మాట విన్నాను. విని, మెట్ల మీద చతికిలబడ్డాను. ఎందుకంటే ఆ సీసాలోది వైనే అయితే, ఒక మనిషిని మా సంఘమంతా కలిసి ఉట్టి పుణ్యానికి పాపిని చేసి వెలివేసింది. ఆ మనిషి సుగుణ వాళ్ల నాయన, మా దావీదు మామ.

మా అవ్వ సంగతి చెప్పకపోతే ఇదేమీ అర్థం కాదు. అవ్వ అంటే మా నాయన తల్లి. నెలకొకసారి ఆదివారం ప్రభు భోజనం ఉంటుంది కాబట్టి ముందురోజు శనివారం మా వంటింట్లోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. కావలి నుంచి తెప్పించిన ఎండుద్రాక్షను రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే చేత్తో పిసికి, కొత్త కుండలో చిన్న మంట మీద కాచి, చిటికెడు బెల్లం వేసి, పలచటి గుడ్డలో వడగట్టేది. మాట్లాడితే తుంపర పడుతుందని మూతికి కొంగు బిగించి కట్టుకునేది. ఆ పూట ఏం కావాలన్నా సైగలే. గరిటె ఒకసారి ఎత్తితే నీళ్లు తెమ్మని, రెండుసార్లు ఎత్తితే నన్ను అవతలికి పొమ్మని. వడగట్టాక మిగిలే పిప్పి నాది, సుగుణది. దానికోసం గుమ్మం దగ్గర పిల్లుల్లా కాపలా కాసేవాళ్లం. అదే మా సంఘానికి ద్రాక్షరసం, ప్రభువు రక్తానికి గుర్తుగా పెద్దవాళ్లు తలా గుక్క తాగేది. సీమ నుంచి వచ్చిన మిషనరీలు అట్లా నేర్పిపోయారు, మావాళ్లు అట్లానే పట్టుకున్నారు. మా సంఘంలో చుక్క మత్తు ముట్టినవాడు బాప్తిస్మానికి పనికిరాడు. పైగా అవి ప్రొహిబిషను రోజులు. ఇంట్లో సారా దొరికితే ఆడా మగా చూడకుండా పోలీసులు జీపెక్కించేవాళ్లు.

అవ్వకు సారా అంటే పగ. మా తాతను మింగింది అదే. ఉప్పుకాలువ అవతల తాటితోపులో దొంగగా కాచే సారా తాగి తాగి, పిల్లలు చిన్నవాళ్లుగా ఉండగానే రక్తం కక్కుకుని పోయాడట. వీధిలో తాగినవాడు తూలుతూ పోతే, వాడు నడిచిన మేరా చెంబుతో నీళ్లు చల్లి చీపురుతో ఊడ్చేది అవ్వ. దగ్గు మందు సీసా అయినా సరే మూత తీసి వాసన చూడకుండా ఇంట్లోకి రానిచ్చేది కాదు.

దావీదు మామ కూడా ఆ తోపులోవాడే ఒకప్పుడు. ఉప్పు మడుల్లో పని, సాయంత్రానికి తోపు. కూలి డబ్బులు అక్కడే, ఒక్కోసారి పంచె కూడా అక్కడే. ఆయన పెళ్లాం రాహేలత్త దెబ్బలు తిన్న రాత్రులు సుగుణ మా ఇంట్లో నా పక్కన పడుకునేది. అలాంటి మనిషి ఏమైందో ఏమో, ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఇంక ముట్టనని అందరి ముందూ చెప్పి, చెప్పినట్టే మానేశాడు. తాను మానడమే కాదు, తనతో తాగే నలుగురిని కూడా లాక్కొచ్చాడు. దీపాలు పెట్టే వేళే తాగేవాడికి గండమని ఆయన లెక్క. ఆ వేళ దాటించడానికి రోజూ ఆ నలుగురినీ తన అరుగు మీద కూర్చోబెట్టి, బెల్లం కాఫీ కాచి పోసేవాడు. కాళ్లు చేతులు వణికేవాడికి చేతిలో వల పెట్టి ముడులు వెయ్యమనేవాడు, ఏడ్చేవాడి వీపు నిమిరేవాడు. చీకటి బాగా పడి తోపులో జనం చెదిరిపోయాక "పోండి, ఇంక గండం లేదు" అని ఇళ్లకు పంపేవాడు. ఆ కాఫీ వాసన వస్తే మా వీధిలో ఆడవాళ్లు ఊపిరి పీల్చుకునేవాళ్లు. నాలుగు కొంపల్లో ఆ పూట అన్నం ఉడుకుతుందని దాని అర్థం.

అట్లా ఉండగా ఒక నెల కావలిలో ఎండుద్రాక్ష దొరకలేదు. అవ్వ కాలు కాలిన పిల్లిలా తిరుగుతుండగా మా గూడూరు తాత, అంటే అవ్వ తమ్ముడు, చంకలో సంచితో దిగాడు. గూడూరులో అభ్రకం కొనే ఫ్రాన్సు దొర బంగళాకు ఆయన కాపలాదారు. దొర ఎప్పుడో ఓడెక్కి పోయాడు, బంగళా చేతులు మారింది, కొత్తవాళ్లు చీకటిగది ఊడ్పించి చెత్త పారేయమన్నారు. ఆ చెత్తలో దొరికిన సీసా ఇది. "ద్రాక్షపండ్ల బొమ్మ ఉండాది అక్కా. దొర జబ్బు పడినప్పుడు రవ్వంత రవ్వంత తాగేవాడు. బలానికి ఇచ్చే రసం అయ్యుంటది" అన్నాడు తాత. అవ్వ సీసాను ఎండకు పట్టి చూసింది. అడుగున మడ్డి కదిలింది. అసలైన పండు రసం కాబట్టే పిప్పి దిగిందని సంతోషపడింది. మూతలోని బెండు ఎంతకీ రాకపోతే కవ్వం కర్రతో లోపలికి పొడిచేసింది. వాసన చూసింది. నాకూ చూపించింది. సారా వాసన మాకు తెలుసు, పుల్లగా, ముక్కులో గుచ్చినట్టు ఉంటుంది. ఇది అట్లా లేదు. పండి రాలిన నేరేడుపండ్లు, తొలకరికి తడిసిన మట్టి, అయ్యగారి పెద్ద బైబిలు తోలు అట్ట, అన్నీ కలిసి ఉన్నాయి. "దొరల సరుకులో మనం చెయ్యి పెట్టగూడదు" అని కాచకుండా, బెల్లం వెయ్యకుండా, గుడ్డలో వడగట్టి పక్కన పెట్టింది. నేనూ సుగుణా గుడ్డ నాకాం. వగరు. నాలుక పట్టేసింది. పిప్పి బాగాలేదని సుగుణ అలిగింది కూడా.

మరునాడు చర్చిలో జరిగింది నా కళ్లకు ఇప్పటికీ కట్టినట్టుంది. మగవాళ్లు ఒకవైపు చాపల మీద, ఆడవాళ్లు ఒకవైపు. పళ్లెం వరస వెంట వచ్చింది. అందరూ కళ్లు మూసుకుని తాగారు, మూతులు కాస్త ముడిచారు, తల వంచుకున్నారు. దావీదు మామ పక్కనున్న ఆ నలుగురూ తాగారు. మామ గ్లాసు నోట్లో ఒంపుకున్నాడు. ఒంపుకుని, కళ్లు తెరిచాడు. అంత భయం నేను ఒక పెద్ద మగవాడి ముఖంలో అంతవరకు చూడలేదు. చెంపలు ఉబ్బాయి. తరువాత ఉమ్మేశాడు. సున్నం కొట్టిన తెల్లటి గోడ మీద, అందరూ చూస్తుండగా, ఎర్రగా.

ప్రభువు రక్తాన్ని ఉమ్మాడు! ఒక ముసలావిడ కెవ్వుమంది. అప్పటి అయ్యగారు వరసలు దాటుకుంటూ దగ్గరికొచ్చి, ఏమైంది దావీదూ అన్నారు. మామ ఆ నలుగురి వైపు చూశాడు. మా అవ్వ వైపు చూశాడు. "కడుపులో తిప్పింది అయ్యగారూ" అన్నాడు. పోనీలే, ఇంకో గ్లాసు తీసుకో, ప్రభువు క్షమిస్తాడు అన్నారు అయ్యగారు. మామ తల అడ్డంగా ఊపాడు. పెద్దలు గద్దించారు, బతిమాలారు. రాహేలత్త ఆడవాళ్ల వైపు నుంచి లేచి వచ్చి గడ్డం పట్టుకుంది. "నేను తాగను" అన్నాడు ఆ మనిషి. ఎందుకు తాగవో చెప్పమంటే చెప్పడు. ఆ వారమే పెద్దలు కూర్చుని ఆయన్ను సంఘంలో నుంచి తీసేశారు. ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు, కలిసి భోంచెయ్యకూడదు. సుగుణ, నేను పలకరించుకోకూడదు. మళ్లీ తాగుడు మొదలుపెట్టి ఉంటాడు, దయ్యం పట్టింది, అందుకే ప్రభువు రక్తం లోపలికి దిగలేదు అని తలా ఒకటి అన్నారు. నేనూ అలాగే నమ్మాను. పసిదాన్ని, పెద్దలు చెప్పింది నమ్మక ఏం చేస్తాను?

ఒక్క అవ్వ మాత్రం ఏమీ అనలేదు. ఆ వారం నుంచి దీపాలు పెట్టే వేళకు మా అరుగు మీద చాప పరిచి, ఆ నలుగురినీ పిలిచి, తానే బెల్లం కాఫీ కాచి పోయడం మొదలుపెట్టింది. ఒళ్లు కాలే జ్వరంలో కూడా మానలేదు. అందరికీ పోశాక ఇంకో గ్లాసు నిండా పోసి, ఎదురింటి దడి గుంజ మీద పెట్టి రమ్మని నన్ను పంపేది. పొద్దున్నే ఆ గ్లాసు కడిగి బోర్లించి ఉండేది. అయ్యగారు విని, ఇదేంటమ్మా అని నిలదీస్తే, "మాట్టాడొద్దంటిరి, మాట్టాళ్లా. కాఫీ పొయ్యొద్దని ఎవరన్నా అన్నారా?" అని ఎదురు తిరిగింది. అయ్యగారు వచ్చిన దారినే వెళ్లిపోయారు. అవ్వది జాలి గుండె అనుకున్నాను నేను. తరువాత నన్ను నెల్లూరు హాస్టల్లో చేర్చారు. దావీదు మామ పోయాడనీ, చర్చి సమాధుల్లో చోటివ్వకపోతే ఉప్పు మడుల వైపు ఇసకలో పెట్టారనీ ఎవరో చెప్పగా విన్నాను. అయ్యో అనుకుని, పరీక్షలకు చదువుకున్నాను.

మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి శాంతి ఫోనులో ఇంకా చదువుతూనే ఉంది. ఆ రెండు బురుజుల ఇల్లు నిజంగానే ఉందట. ఏటి ఒడ్డున గులకరాళ్ల నేల, తరతరాలుగా ఒకే కుటుంబం తోట. గుత్తులు చేత్తోనే కోస్తారట. రసాన్ని పీపాల్లో పులియబెట్టి, ఆపైన సీసాల్లో పోసి, నేలమాళిగలో వెలుతురు తగలకుండా ఏళ్ల తరబడి పడుకోబెడతారట. తాతలు పెట్టింది మనవలు తెరుస్తారట. అడుగున దిగిన మడ్డి దాని వయసుకు గుర్తట. దాన్ని నోట్లో పెట్టుకుని గుణం చెప్పడానికే చదువుకున్నవాళ్లు ఉంటారట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరో ముసలాయన ఎక్కడో తన మనవల కోసం దాచిపెట్టింది, ఇక్కడ మా ఉప్పు మడుల పక్కన, చుక్క ముట్టమని ఒట్టేసుకున్న జనం కళ్లు మూసుకుని బొటనవేలంత గ్లాసుల్లో తాగేశారు. వచ్చేటప్పుడు దారి పొడుగునా చూశాను, కొడవలూరు మొదలుకొని రోడ్డు పక్కన బ్రాందీ షాపులే, పట్టపగలే పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఎవరూ ఎవర్నీ వెలివేయడం లేదు. కొత్త చర్చికి రసం కూడా నెల్లూరు నుంచి సీసాల్లో వస్తుందట. ఈ కాలంలో అయితే ఇంకొక గ్లాసు పోయమనేవాళ్లేమో! ఆ కాలంలో ఒక మనిషి పేరు, చోటు, చివరికి సమాధి కూడా పోయాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సీసా పట్టుకుని తిన్నగా సుగుణ ఇంటికి నడిచాను.

సుగుణ అదే ఇంట్లో ఉంది. ముందు పళ్లు రెండు లేవు, నడుము వంగింది, వాకిట్లో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. "ఏందిమే, కారేసుకోని వచ్చినావు? పిల్లకి పెండ్లా?" అంది. నేను సీసా దాని ఒళ్లో పెట్టాను. చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం దగ్గరగా పట్టుకుంది. "మన ఇల్లు గదంటే ఇది! ఈ బురుజు నాది" అంది, ముఖమంతా నవ్వై. నేను ఏడుపు ఆపుకోలేక ఒక్క గుక్కలో చెప్పేశాను. అది వైను సుగుణా, మీ నాయన తప్పు చెయ్యలేదు, అందరం కలిసి ఆయన్ను చంపేశాం అన్నాను. అది ఉలిక్కిపడుతుందనుకున్నాను. సుగుణ చేపల్లోంచి ఒక గవ్వ ఏరి పారేసింది.

"నాకు తెలుసుమే" అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆ పొద్దు నుంచే. ఆ సాయంత్రం మీ అవ్వ దొడ్డిదావన వచ్చింది. నేను తలుపు యెనక ఉండా. 'ఒరే దావీదూ, ముంతలో మిగిలింది పారబోయలేక నేను తాగినారా. నా చెంపలు కాలతా ఉండాయి. ఏందిరా అది, నిజం జెప్పు' అనింది. మా నాయన చెప్పినాడు. ఆయమ్మ నేల మీద పడి, గుడ్డ నోట్లో కుక్కుకోని ఏడ్చింది. 'ఇప్పుడే పోయి అందరి ముందరా చెప్పేస్తా, పోలీసులు పట్టుకుంటే పట్టుకోనీ' అని లేసింది. మా నాయన ఆయమ్మ కాళ్లు పట్టుకున్నాడు."

"కాళ్లా? ఎందుకే?"

"ఆ నలుగురి కోసరం. వాళ్లు మింగినారు గదా? ప్రభువు రక్తమని మింగినారు కాబట్టి వాళ్లకేం గాలా. అది మత్తుసరుకని తెలిసిందంటే, ఒక గుక్క తాగినాం ఏమైంది, ఇంకో గుక్క తాగితే ఏమవుద్ది అని ఆ పొద్దే తోపులోకి పోతారన్నాడు. 'నా ఒక్కడి పేరు పోతే పోనీ పెద్దమ్మా, నాలుగు కొంపలు నిలబడనీ. నా అరుగు మీదికి ఇంక వాళ్లను రానీరు. నా బదులు నువ్వు కాఫీ కాయి' అన్నాడు. మీ అవ్వ కాసింది. సచ్చిందాకా కాసింది."

అవ్వ కాచిన కాఫీ, దడి గుంజ మీద నేను పెట్టిన గ్లాసు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఇన్నేళ్లు! ఎన్నిసార్లు ఈ పల్లెకు రాలేదు నేను, ఎన్నిసార్లు ఈ వాకిలి దాటిపోలేదు! "నాతో ఒక్క మాట అనలేకపోయావా?" అని అరిచాను.

"ఆ నలుగురూ పోయిందాకా నోరు తెరవగూడదని మా నాయన ఒట్టేయించుకున్నాడు. కడాకరోడు పోయిన చలికాలం పోయినాడు. వాళ్లల్లో ఒక్కడు గూడా మళ్లీ తోపు మొహం చూళ్లా." చాట పక్కన పెట్టి, సీసా చేతిలోకి తీసుకుని, దాని మూతి దగ్గర ముక్కు పెట్టింది. అందులో ఏ వాసనా మిగిలి ఉండదు. "మంచాన పడినాక ఒకసారి నేనే అడిగినామే. నాయనా, అంత మంది ముందర ఉమ్మినావే, అంత కంపు గొట్టిందా అని. నవ్వినాడు. 'కంపయితే మింగేసేవాణ్ణి పాపా. సారా ఎప్పుడూ కంపే, ముక్కు మూసుకోని మింగడం నాకు అలవాటే. ఇది అట్ట గాదు. అంత బాగుండేది నా జన్మలో నోట్లో పెట్టలా. నాలిక మీద పడంగానే లోపల సచ్చిపొయ్యిన తాగుబోతోడు లేసి కూర్చున్నాడు. బాగుండబట్టే ఉమ్మినా' అన్నాడు."